ట్రాకు మీద ట్రాకు వేశాక ప్రివ్యూ ఆడాలంటే ఏ దారి మంచిది

ఒక పెళ్లి వీడియో ఓపెనింగ్ టైమ్‌లైన్ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో క్లిప్పుల్ని పేర్చే పట్టీ) తీసుకుందాం. అడుగున వీ1లో, అంటే మొదటి వీడియో ట్రాకులో, రుషికొండ తీరం మీద తీసిన డ్రోన్ షాట్, 4కె, హెచ్.265 (గట్టిగా కుదించే ఫార్మాట్). దాని పైన వీ2లో నల్లటి నేపథ్యం మీద మెరుపు రేణువులు రాలే క్లిప్, కింది బొమ్మతో కలిసే తీరు (బ్లెండ్ మోడ్) స్క్రీన్. వీ3లో చిన్న ఫ్రేములో భీమిలి దగ్గర తీసిన ప్రీవెడ్డింగ్ ముక్క. అన్నిటికీ పైన వీ4లో వధూవరుల పేర్లు తెలుగులో, పీఎన్‌జీ ఫైలు. నిడివి 40 సెకన్లు. విడివిడిగా ఆడిస్తే ఏ క్లిప్పూ తడబడదు. నాలుగూ కలిపి స్పేస్ బార్ నొక్కితే రెండు సెకన్లు ఆడి బొమ్మ నిలబడిపోతుంది, సన్నాయి మాత్రం సాగుతూనే ఉంటుంది. శబ్దం తెగితే చెవికి వెంటనే తెలిసిపోతుంది కాబట్టి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు దాన్ని కాపాడి ఫ్రేముల్నే వదిలేస్తాయి.

షాపులో అడిగితే గ్రాఫిక్స్ కార్డు మార్చమంటారు. తోటి ఎడిటర్ని అడిగితే సాఫ్ట్‌వేర్ మార్చమంటాడు. రెండూ పనికొచ్చే సందర్భాలున్నాయి గానీ, అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఈ ప్రివ్యూలో మీరు చూడాలనుకుంటున్నది ఏమిటి? కట్ తాళానికి సరిగ్గా పడుతోందా అన్నది ఒక ప్రశ్న. పొరలన్నీ కలిశాక బొమ్మ ఎలా ఉంది అన్నది ఇంకో ప్రశ్న. మూడు కెమెరాల్లో ఏ షాట్ వాడాలి అన్నది మూడోది. మొదటిదానికి బొమ్మ మసకగా ఉన్నా ఫర్వాలేదు, వేగం తప్పకూడదు. రెండోదానికి ఒక్క ఫ్రేము దగ్గర ఆపి చూసినా చాలు, కానీ బొమ్మ పూర్తి నాణ్యతతో ఉండాలి. మూడోదానికి అన్నీ పక్కపక్కన చిన్నగా కనిపిస్తే సరిపోతుంది. మూడూ ఒకేసారి, ఏ తయారీ లేకుండా కావాలనుకున్నప్పుడే ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది.

ముందు ఎక్కడ ఆగుతోందో కనిపెట్టండి

టైమ్‌లైన్ సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేముకి దొరికేది 40 మిల్లీసెకన్లు. 50 ఫ్రేములైతే 20. ఆ వ్యవధిలోనే డిస్కు నుంచి చదవాలి, ప్రతి పొరనీ డీకోడ్ చేయాలి (కుదించిన ఫైలుని విప్పాలి), సైజు మార్చాలి, ఒకదాని మీద ఒకటి కలపాలి, తెర మీద పెట్టాలి. 4కె ఫ్రేము అంటే 3840 × 2160, దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. పిక్సెల్‌కి 4 బైట్ల లెక్కన విప్పేసరికి ఒక్క ఫ్రేమే 33 మెగాబైట్లు. సెకనుకు 25 ఫ్రేములంటే ఒక్క పొరకే సుమారు 830 మెగాబైట్లు మెమరీలో అటూ ఇటూ తిరగాలి. నాలుగు పొరలకి నాలుగింతలు. మెమరీ కార్డులో ఫైలు చిన్నగా ఉందని మోసపోకూడదు. అది చిన్నగా ఉండటానికి కారణమే గట్టిగా కుదించడం, దాన్ని విప్పే శ్రమ అంతా ప్రివ్యూ సమయంలో పడుతుంది.

హెచ్.264, హెచ్.265లతో ఇంకో తిరకాసుంది. వాటిలో అన్ని ఫ్రేములూ పూర్తిగా ఉండవు. అక్కడక్కడా ఒక పూర్తి ఫ్రేము, మధ్యలో ఉన్నవన్నీ పక్క ఫ్రేములతో పోల్చిన తేడాలు. మీరు ప్లేహెడ్‌ని (ఆడే చోటు చూపించే గీతని) ఎక్కడో మధ్యలో పెడితే సాఫ్ట్‌వేర్ వెనక్కి వెళ్లి పూర్తి ఫ్రేము దగ్గర్నుంచి విప్పుకుంటూ రావాలి. ముందుకు ఆడేటప్పుడు బాగానే ఉండి, వెనక్కి లాగితే మొరాయించేది అందుకే. ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్, సినీఫామ్ లాంటి వాటిలో ప్రతి ఫ్రేమూ దానికదే పూర్తి. ఫైలు పెద్దదవుతుంది, పని తేలికవుతుంది.

ఇక పరీక్ష. ట్రాకు పక్కన ఉండే కన్ను గుర్తులు నాలుగిట్లో పై మూడూ మూసేసి వీ1 ఒక్కటే ఆడించండి. అదే తడబడితే సమస్య పొరల్లో లేదు, డీకోడింగ్‌లోనే ఉంది. బాగా ఆడితే వీ2 కన్ను తెరవండి, తర్వాత వీ3, తర్వాత వీ4. ఏ కన్ను తెరిచినప్పుడు పడిపోయిందో అదే దొంగ. ఇంత చిన్న పని చేయకుండానే గ్రాఫిక్స్ కార్డు కొనేసినవాళ్లు బోలెడుమంది. ఒక్కోసారి దొంగ వీ4లోని పీఎన్‌జీయే అవుతుంది. ఫోటోషాప్‌లో ఫ్లెక్సీ కోసం చేసిన 6000 × 4000 ఫైలుని అలాగే తెచ్చి పెడితే, కనిపించేది నాలుగు అక్షరాలే అయినా మెమరీలో 96 మెగాబైట్లు తీసుకుంటుంది. టైమ్‌లైన్ సైజుకి కుదించి మళ్లీ పెడితే సరి.

విండోస్‌లో ఇదే సమయంలో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) చూడండి. అక్కడ వీడియో డీకోడ్ అనే గ్రాఫ్ వేరుగా ఉంటుంది, 3డీ అనేది వేరుగా. ప్రాసెసర్ 100 శాతం కొట్టుకుంటూ వీడియో డీకోడ్ సున్నా దగ్గరే పడుకుంటే, మీ క్లిప్‌ని హార్డ్‌వేర్ ముట్టుకోవడం లేదని అర్థం. 3డీ నిండిపోతే ఎఫెక్టులు, బ్లెండింగ్ బరువు. డిస్కు 100 శాతం చూపిస్తే ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కేబుల్ ఏ పోర్టులో ఉందో చూడండి. యూఎస్‌బీ 2 పోర్టులో వాస్తవంగా వచ్చేది సెకనుకు 30, 40 మెగాబైట్లే. ప్రోరెస్ 4444 క్లిప్ ఒక్కటే 1080, 25 ఫ్రేముల దగ్గర సెకనుకు 34 మెగాబైట్ల దాకా అడుగుతుంది.

కంప్యూటర్ తప్పు కాని తడబాట్లు కూడా ఉంటాయి. ఫోన్లో 30 ఫ్రేములకి తీసిన క్లిప్‌ని 25 టైమ్‌లైన్‌లో పెడితే సెకనుకు ఐదు ఫ్రేములు ఎగిరిపోతాయి, పాన్ షాట్‌లో అలలు కుంటుతున్నట్టు కనిపిస్తాయి. ఎంత పెద్ద మెషీన్ పెట్టినా అది పోదు. ఫోన్ వీడియోల్లో ఫ్రేము వేగం నిలకడగా ఉండకపోవడం మామూలే. అలాంటివాటిని హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టి మార్చుకున్నాకే టైమ్‌లైన్‌లోకి తేవాలి, లేకపోతే మాటా పెదవీ కలవవు. ఇంకోటి, మానిటర్ 60 హెర్ట్జ్‌లో ఉంటే 25 ఫ్రేముల వీడియో దాంట్లో సమంగా ఇమడదు, ఒక ఫ్రేము రెండుసార్లు, ఒకటి మూడుసార్లు కనబడుతుంది. డ్రాప్ అయిన ఫ్రేముల లెక్క సున్నా చూపిస్తున్నా పాన్ మెత్తగా లేదనిపిస్తే, వీలున్న మానిటర్‌లో 50 హెర్ట్జ్‌కి మార్చి ఒకసారి చూడండి.

తక్కువ రిజల్యూషనా, ప్రాక్సీయా, రెండరా

ప్లేబ్యాక్ రిజల్యూషన్ తగ్గించడం అందరికీ తెలిసిన మొదటి చిట్కా. హాఫ్ పెడితే పిక్సెళ్లు నాలుగో వంతు, క్వార్టర్ పెడితే పదహారో వంతు. కానీ ఇది ఎక్కడ పనిచేస్తుందో తెలుసుకుని వాడాలి. హెచ్.265 ఫ్రేముని సగం సైజులో విప్పడం కుదరదు. ముందు మొత్తం విప్పి తర్వాత కుదించాల్సిందే. అంటే క్వార్టర్ పెట్టినా డీకోడింగ్ బరువు అలాగే ఉంటుంది. తగ్గేది కలపడం, కలర్, బ్లర్ లాంటి పనుల బరువే. పై పరీక్షలో 3డీ గ్రాఫ్ నిండినవాళ్లకి ఇది వెంటనే హాయినిస్తుంది. వీ1 ఒక్కటే ఆడనివాళ్లకి దీనివల్ల పెద్దగా ఒరిగేది లేదు.

అలాంటివాళ్లకి దారి ప్రాక్సీ. ఒరిజినల్ బదులు తేలికైన నకలు పెట్టుకుని ఎడిట్ చేసి, ఎక్స్‌పోర్ట్‌లో ఒరిజినల్‌కి మారడం. 4కెకి 1920 × 1080 ప్రోరెస్ ప్రాక్సీ మంచి సమతూకం. 25 ఫ్రేముల దగ్గర గంటకు సుమారు 17 జీబీ పడుతుంది, మూడు గంటల ఫుటేజీకి 51 జీబీ. రాత్రి కార్డులు ఖాళీ చేసి ప్రాక్సీ తయారీకి పెట్టి పడుకుంటే పొద్దున్నకి సిద్ధం. మాఘ మాసం, వైశాఖం లాంటి ముహూర్తాల రద్దీలో రోజుకో పెళ్లి వచ్చి పడేవాళ్లకి ఆ రాత్రి సమయం కూడా దొరకదు నిజమే. అప్పుడు మొత్తం ఫుటేజీకి కాకుండా వాడబోయే క్లిప్పులకే, ముఖ్యంగా పొరలు పడే చోట్లకే ప్రాక్సీ చేసుకోవాలి.

ప్రాక్సీతో పాడయ్యేవి మూడున్నాయి. ఫ్రేము ఆకారం ఒరిజినల్‌తో సరిపోకపోతే వీ3లోని చిన్న ఫ్రేము జాగా మారిపోతుంది. నిలువు ఫోన్ వీడియోలకి ఇది తరచూ జరుగుతుంది. ఆడియో చానెళ్ల సంఖ్య తేడా వస్తే అడోబీ ప్రీమియర్ ప్రో ఆ ప్రాక్సీని అతికించుకోవడానికి ఒప్పుకోదు. మూడోది పొరలకి ప్రత్యేకం. పారదర్శకత ఉన్న క్లిప్‌కి హెచ్.264 ప్రాక్సీ చేస్తే ఆ పారదర్శకత పోతుంది, కింద ఉన్నదంతా నల్లటి పలక వెనక దాక్కుంటుంది. కదిలే టైటిళ్లని, అల్ఫా (పారదర్శకత సమాచారం) ఉన్న ఓవర్‌లేలని ప్రాక్సీ జాబితాలోంచి తీసేయండి. మెరుపు రేణువుల క్లిప్‌కి ఆ భయం లేదు, దాంట్లో అల్ఫా లేనే లేదు. స్క్రీన్ మోడ్ నలుపుని మాయం చేస్తుంది, అంతే.

మూడో దారి ఆ ముక్కని రెండర్ చేసి, అంటే పొరలన్నీ ముందే కలిపి ఒక ఫైలుగా తయారు చేసుకుని, చూడటం. ఇది మాత్రమే పొరలన్నీ కలిసిన అసలు బొమ్మని అసలు వేగంతో చూపిస్తుంది. కస్టమర్ పక్కన కూర్చుని చూసేటప్పుడు ఇదే వాడాలి. లోపం ఒక్కటే: ఆ 40 సెకన్లలో పేరుని ఒక్క ఫ్రేము పక్కకి జరిపినా ఆ భాగం మళ్లీ రెండర్ చేయాల్సిందే. అందుకని అన్నిటినీ కలిపి రెండర్ చేయకండి. మారని వీ1, వీ2, వీ3లని ఒక నెస్ట్‌గానో కాంపౌండ్ క్లిప్‌గానో (ఒకే క్లిప్‌లా) కట్టి దాన్ని రెండర్ చేసి, పేర్లున్న వీ4ని బయటే వదిలేయండి. టైమ్‌లైన్ సైజుకి కుదించిన పీఎన్‌జీ ఒక్కటీ పైన కలపడం ఏ మెషీన్‌కీ బరువు కాదు. పేర్లలో అక్షరం తప్పుందని పెళ్లివారు పదిసార్లు మార్పించినా కింద రెండర్ చెక్కు చెదరదు. ప్రీమియర్‌లో రెండర్ అండ్ రీప్లేస్, డావిన్చీ రిజాల్వ్‌లో రెండర్ ఇన్ ప్లేస్ చేసేది ఈ పనే.

మా లెక్కలో వరుస ఇది: కెమెరా ఫైలు హెచ్.265 అయితే మొదట ప్రాక్సీ, తర్వాత అవసరమైన 40 సెకన్లకే రెండర్. కెమెరా ఫైలు తేలికైనదై, పొరల్లో ఎఫెక్టులు ఎక్కువైతే హాఫ్ రిజల్యూషన్‌తో మొదలుపెట్టండి, ప్రాక్సీ జోలికి వెళ్లకండి.

సాఫ్ట్‌వేర్లలో తేడా ఎక్కడ

విశాఖలో పెళ్లి ఎడిటింగ్ చేసేవాళ్లకి ఎడియస్ కొత్త పేరు కాదు. విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. రెండర్ లేకుండా వేర్వేరు ఫార్మాట్లని ఒకే టైమ్‌లైన్‌లో ఆడించడం దాని బలం. ఆ బలంలో ఎక్కువ భాగం ఇంటెల్ ప్రాసెసర్‌లో వీడియోని విప్పే క్విక్ సింక్ భాగానిది. అందుకే ఎడియస్ కోసం మెషీన్ కట్టించుకుంటూ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నది కొంటే తప్పు చేసినట్టే. వాటిలో లోపలి గ్రాఫిక్స్ ఉండవు, క్విక్ సింక్ కూడా ఉండదు. కొద్ది వేలు తక్కువని షాపులో అదే చూపిస్తారు, చూసుకోండి. ఎడియస్‌లో ఇంకో సుఖం: ఆడుతున్నప్పుడు బఫర్ అంకె కనిపిస్తుంది. అది తగ్గుతూ సున్నా వైపు వెళ్తుంటే కాసేపట్లో ఆగబోతోందని ముందే తెలుస్తుంది. రెండు సెకన్లు ఆడి ఆగడం వెనక రహస్యం కూడా ఇదే. ముందే నింపుకున్న ఫ్రేములు అయిపోయేదాకా ఆడి, తర్వాత చతికిలపడుతుంది. లేఅవుటర్ అనే సైజు, జాగా మార్చే పెట్టెలో చిన్న ఫ్రేములు పెట్టడం త్వరగా అవుతుంది. కలర్ విషయంలో మాత్రం రిజాల్వ్ ముందు తేలిపోతుంది.

ప్రీమియర్ ప్రోలో టైమ్‌లైన్ పైన గీత రంగే సమాచారం. పసుపు అంటే రెండర్ లేకుండా ఆడొచ్చని దాని అంచనా, ఎరుపు అంటే ఆడకపోవచ్చని, ఆకుపచ్చ అంటే రెండర్ అయిపోయిందని. పసుపుని నమ్మి కస్టమర్‌ని పిలవకండి, అది అంచనాయే. ప్రోగ్రామ్ మానిటర్ కింద రెంచి గుర్తులో డ్రాప్డ్ ఫ్రేమ్ ఇండికేటర్ పెట్టుకుంటే నిజం అక్కడ తెలుస్తుంది. అదే మెనూలో ప్లేబ్యాక్ రిజల్యూషన్, పాజ్డ్ రిజల్యూషన్ వేర్వేరుగా ఉంటాయి. ఆడేటప్పుడు క్వార్టర్, ఆపినప్పుడు ఫుల్ అని పెట్టుకోండి. మొదట్లో చెప్పుకున్న మూడు ప్రశ్నల్లో రెండిటికి ఈ ఒక్క అమరికే జవాబు. ప్రాక్సీ మార్పిడి బటన్ మామూలుగా కనబడదు, మానిటర్ కింద ప్లస్ గుర్తు నొక్కి టాగుల్ ప్రాక్సీస్‌ని కిందకి లాగి పెట్టుకోవాలి. పక్కనే గ్లోబల్ ఎఫెక్ట్స్ మ్యూట్ కూడా పెట్టుకుంటే కట్ తాళం చూసేటప్పుడు ఎఫెక్టులన్నీ ఒక్క నొక్కుతో పక్కకి పోతాయి. చందా కట్టడం ఇష్టం లేనివాళ్లకి ఇది సరిపడదు.

డావిన్చీ రిజాల్వ్ ఉచిత కూర్పు 3840 × 2160 దాకా, 60 ఫ్రేముల దాకా పనిచేస్తుంది. పెళ్లి పనికి అది చాలు. ప్లేబ్యాక్ మెనూలో టైమ్‌లైన్ రిజల్యూషన్ తగ్గించే హాఫ్, క్వార్టర్ ఉంటాయి. కొన్ని కూర్పుల్లో దీని పేరులో ప్రాక్సీ అని ఉన్నా ఇది రిజల్యూషన్ తగ్గించడమే, నిజం ప్రాక్సీ వేరు. చాలామంది ఇక్కడే తికమక పడతారు. రెండర్ క్యాష్‌ని (ముందే కలిపి దాచుకునే ఫ్రేముల్ని) స్మార్ట్ పెడితే బరువైన చోట్లని తనే గుర్తించి, మీరు ఐదు సెకన్లు చేయి తీసి కూర్చుంటే నిండించడం మొదలుపెడుతుంది. ఎర్ర గీత నీలంగా మారుతుంది. కాఫీ తాగి వచ్చేసరికి ఓపెనింగ్ ఆడేస్తుంది. వ్యూయర్ పైన ఫ్రేముల అంకె పక్కన చుక్క ఎర్రగా మారితే వేగం అందుకోలేదని. రిజాల్వ్‌కి గ్రాఫిక్స్ మెమరీ ఆకలి ఎక్కువ. 4 జీబీ కార్డుతో 4కె టైమ్‌లైన్‌లో బరువైన ఎఫెక్ట్ వేస్తే మెమరీ నిండిందనే సందేశం రావడం మామూలే. దానికి ఒక మంచి తప్పించుకునే దారి ఉంది. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌లైన్‌ని 1920 × 1080 పెట్టుకుని ఎడిట్ అంతా ముగించి, చివర్లో 3840 × 2160కి మార్చండి. చిన్న ఫ్రేముల సైజులు, జాగాలు దామాషాగా వాటంతటవే పెరుగుతాయి. ఎడిట్ పేజీలో క్లిప్ ఎంచుకుని డి నొక్కితే ఆ క్లిప్ ఆగిపోతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. ట్రాకు మొత్తం కన్ను మూయకుండా ఒక్క పొర తేడా చూడటానికి ఇంతకన్నా సులువు లేదు.

డబ్బు పెట్టకుండా, పాత మెషీన్‌తో చేయాలంటే కేడెన్‌లైవ్, షాట్‌కట్. ఎఫెక్టులు, పొరలు కలపడం ఎక్కువగా ప్రాసెసర్ మీదే నడుస్తాయి కాబట్టి పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టినా వీటికి అంతగా కలిసిరాదు. కేడెన్‌లైవ్‌లో ప్రివ్యూ రిజల్యూషన్‌ని 720, 540, 360 దాకా దించొచ్చు, టైమ్‌లైన్‌లో ఒక భాగాన్నే గుర్తు పెట్టి ప్రివ్యూ రెండర్ చేయించొచ్చు. దీంట్లో అందరూ గమనించని ఒక వెసులుబాటు ఉంది: మానిటర్ మెనూలో మల్టీట్రాక్ వ్యూ. అది నొక్కితే పొరలు ఒకదాని మీద ఒకటి కాకుండా, ట్రాకుకో గడి చొప్పున పక్కపక్కన కనిపిస్తాయి. వీ4 కింద ఏముందో కన్ను మూసి తెరిచి వెతుక్కునే పని తప్పుతుంది. షాట్‌కట్‌లో సెట్టింగ్స్‌లో ప్రివ్యూ స్కేలింగ్, ప్రాక్సీ రెండూ ఉన్నాయి. రెండు మూడు పొరల దాకా బాగుంటుంది, అంతకు మించితే కేడెన్‌లైవ్ నయం.

మాక్ ఉన్నవాళ్లకి ఫైనల్ కట్ ప్రో ప్రివ్యూ తేలిక. కానీ దాంట్లో ట్రాకులే ఉండవు, క్లిప్పుకి క్లిప్పు అతుక్కుని ఉంటుంది. ఎడియస్ అలవాటున్న చేతికి మొదట్లో చిరాకు. ఫోన్లో కైన్‌మాస్టర్‌తో చేసేవాళ్లకి ఎన్ని వీడియో పొరలు పడతాయన్నది ఫోన్ చిప్‌ని బట్టి ఉంటుంది, యాప్‌లోనే పరికరం సామర్థ్యం చూపిస్తుంది. రీల్స్‌కి చాలు.

జీలకర్ర-బెల్లం దగ్గర మూడు కెమెరాలు

ఇక్కడ పొరలు కలపడం కాదు, ఎంచుకోవడం. తెర దించే క్షణంలో ఒక కెమెరా పెళ్లికూతురి మీద, ఒకటి పెళ్లికొడుకు మీద, మూడోది మండపం మొత్తం మీద ఉంటాయి. మూడింటినీ మూడు ట్రాకుల్లో పేర్చి కన్ను మూస్తూ తెరుస్తూ కూర్చోవడం కాలం వృథా. ప్రీమియర్, రిజాల్వ్, ఎడియస్ మూడింట్లోనూ మల్టీకెమెరా పద్ధతి ఉంది, గడులు చూస్తూ నొక్కితే కట్ పడుతుంది. అన్ని కెమెరాలూ ఒకేసారి డీకోడ్ అవ్వాలి కాబట్టి బరువు కూడా ఇక్కడే ఎక్కువ. అయితే గడి చిన్నది. 1920 వెడల్పు తెరని నాలుగు గడులు చేస్తే ఒక్కోటి 960 × 540. 4కెకి పావు వంతు ప్రాక్సీ కూడా సరిగ్గా అంతే. కాబట్టి ఈ పనికి 1080 ప్రాక్సీ కూడా దండగే, 540 చాలు.

శబ్దంతో కలిపేటప్పుడు గట్టిమేళం మొదలయ్యే చోటు మంచి గుర్తు, అక్కడ తరంగం ఒక్కసారిగా లేస్తుంది. అంతకు ముందు ఒకే లయలో సాగే డోలు దగ్గర ఆటోమేటిక్ సింక్ ఒక దెబ్బ అటో ఇటో పట్టుకునే ప్రమాదం ఉంది. ఇంకో సూక్ష్మం: శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. అంటే 25 ఫ్రేముల లెక్కలో ఒక్కో ఫ్రేముకి 13.6 మీటర్లు. కల్యాణ మండపం చివర, మేళానికి 27 మీటర్ల దూరంలో పెట్టిన కెమెరాకి శబ్దం రెండు ఫ్రేములు ఆలస్యంగా చేరుతుంది. తరంగాలు కలిపితే ఆ కెమెరా బొమ్మ రెండు ఫ్రేములు ముందుకి వచ్చేస్తుంది. ఆ క్లిప్‌ని రెండు ఫ్రేములు కుడికి జరపండి. డోలు కర్ర పడే క్షణం మూడు గడుల్లో ఒకేసారి కనబడితే సరిగ్గా కుదిరినట్టు.

మెషీన్ కొనే ముందు, ఉన్నదాన్ని చూసుకోండి

మిర్రర్‌లెస్ కెమెరాలో 10 బిట్ 4:2:2 (రంగు సమాచారం ఎక్కువ దాచే అమరిక) పెట్టి తీసే అలవాటుంటే ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఎన్‌విడియా కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 50 వరుసకి ముందువి ఆ రకం హెచ్.265ని హార్డ్‌వేర్‌తో విప్పలేవు. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన లోపలి గ్రాఫిక్స్ విప్పగలవు. ఖరీదైన కార్డున్నా ఆడనిది, పక్కవాడి మామూలు ల్యాప్‌టాప్‌లో ఆడటం వెనక వింతేమీ లేదు. కొనలేకపోతే కెమెరాలో 4:2:0 పెట్టి తీయండి, లేదా ప్రాక్సీ.

ర్యామ్ 16 జీబీ అయితే ఒకే స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు వేయించండి. లోపలి గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటాయి, రెండు దారులుంటే పొరలు తేలిగ్గా కదులుతాయి. సముద్రపు ఊళ్లో ఉక్కపోత, ఉప్పుగాలి, దుమ్ము కలిసి ఫ్యాన్ రెక్కల మీద జిగటగా పేరుకుంటాయి. బీచ్ రోడ్డుకి దగ్గర గదుల్లో ఇది ఇంకా ఎక్కువ. పొద్దున మొదలుపెట్టినప్పుడు ఆడిన టైమ్‌లైన్ అరగంట తర్వాత మొరాయిస్తే సాఫ్ట్‌వేర్‌ని అనకండి. వేడెక్కి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటోంది. ల్యాప్‌టాప్ వెనక భాగాన్ని రెండు అంగుళాలు లేపి, చార్జర్ పెట్టి, పవర్ మోడ్ చూసి మళ్లీ ప్రయత్నించండి. బ్యాటరీ మీద గ్రాఫిక్స్ పూర్తి వేగంతో పనిచేయవు.

పేర్లలో వత్తులు

క్వార్టర్ ప్రివ్యూలో తెలుగు అక్షరాల్ని అంచనా వేయొద్దు. ఇంగ్లీషు పెద్దక్షరాలు మసకలో కూడా నిలబడతాయి. మన వత్తులు, కింద వేలాడే సున్నితమైన గీతలు రంపపు పళ్లలా కనిపిస్తాయి. ఫాంటు పాడైందనుకుని మార్చేస్తారు. ఆపి ఫుల్‌లో చూస్తే బాగానే ఉంటుంది. నిజంగా విరిగేది వేరే: ప్రీమియర్‌లో గ్రాఫిక్స్ ప్రిఫరెన్సుల్లో టెక్స్ట్ ఇంజన్‌ని సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కి మార్చకపోతే వత్తు అక్షరం కింద కాకుండా పక్కన వచ్చి కూర్చుంటుంది. అను ఫాంట్లలో టైప్ చేసింది యూనికోడ్ కాదు కాబట్టి టైటిల్ పెట్టెలో అతికిస్తే పిచ్చి గీతలొస్తాయి. అందుకే ఫోటోషాప్‌లో చేసి పీఎన్‌జీగా తెచ్చుకోవడం ఇప్పటికీ నమ్మకమైన దారి. కదిలే టైటిల్‌ని ప్రోరెస్ 4444గా తెచ్చినప్పుడు అక్షరాల అంచున సన్నటి నల్ల గీత కనిపిస్తే అల్ఫా రకం తప్పుగా చదువుతోందని. రిజాల్వ్‌లో క్లిప్ అట్రిబ్యూట్స్‌లో, ప్రీమియర్‌లో ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో ప్రీమల్టిప్లైడ్‌కి మార్చండి.

ఎక్స్‌పోర్ట్ నొక్కే ముందు

ప్రీమియర్ ఎక్స్‌పోర్ట్‌లో యూజ్ ప్రివ్యూస్, యూజ్ ప్రాక్సీస్ గడులు టిక్ అయి ఉన్నాయేమో చూడండి. రిజాల్వ్ డెలివర్ పేజీలో ప్రాక్సీ వాడమనే గడి, కేడెన్‌లైవ్ రెండర్ పెట్టెలో ప్రాక్సీ క్లిప్పులతో రెండర్ చేయమనే గడి కూడా అలాంటివే. ఒక్కటి టిక్ ఉన్నా 4కె అని ఇచ్చిన వీడియో టీవీలో మసకగా వస్తుంది. పని అయ్యాక క్యాష్ తుడిచేయండి, సీజన్ అయ్యేసరికి డ్రైవ్ నిండేది దానివల్లే.

పరీక్ష కోసం మూసిన కన్నులన్నీ తెరిచారా? మూసిన ట్రాకు ప్రివ్యూలోనే కాదు, ఎక్స్‌పోర్ట్‌లో కూడా రాదు. రిజాల్వ్‌లో డి నొక్కి ఆపిన క్లిప్పులు కూడా ఒకసారి వెతకండి. టైమ్‌లైన్‌ని పూర్తిగా జూమ్ అవుట్ చేస్తే ఆపిన క్లిప్పులు మసక రంగులో కనిపిస్తాయి. పేర్ల ట్రాకు వీ4 మీద మొదట చూపు పెట్టండి, ఎక్కువసార్లు మూసేది దాన్నే.